ఎమిరేట్స్‌లో బొమ్మల కథలు: ‘మాజిద్’ నుంచి మాంగా దాకా

1979 ఫిబ్రవరి 28న అబుదాబి నుంచి ఒక పిల్లల పత్రిక వెలువడింది. పేరు ‘మాజిద్’. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఏర్పడి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. రస్ అల్ ఖైమా ప్రాంతపు పాత రేవు పట్టణం జుల్ఫార్‌కు చెందిన పదిహేనో శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ పేరే దానికి పెట్టారు. గాలివాటం చూసి, చుక్కలను చదివి హిందూ మహాసముద్రంలో దారి చెప్పిన మనిషి పేరు బొమ్మల పత్రిక మీద కనిపించడం కొత్త దేశం పిల్లల మీద పెట్టుకున్న ఆశను చెబుతుంది.

అప్పటి నుంచి ఈ దేశంలో బొమ్మల కథలు చదివే తీరు చాలా మలుపులు తిరిగింది. అరబిక్ వారపత్రిక పక్కన జపాన్ మాంగా వచ్చి చేరింది. భారతీయ కుటుంబాలు సెలవులకు వెళ్లి తెచ్చుకున్న అమర్ చిత్ర కథల పక్కన దుబాయ్ మాల్ పుస్తకాల దుకాణంలో కొన్న గ్రాఫిక్ నవలలు చేరాయి. ఏ వయసువాళ్లు ఏది చదువుతారన్నది ఇక్కడ వయసు ఒక్కదానితో తేలే లెక్క కాదు. ఏ లిపి వచ్చు, పేజీ ఏ వైపు నుంచి తిప్పడం అలవాటు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నవి కూడా అందులో కలుస్తాయి.

గడికీ గడికీ మధ్య

చెట్టుకొమ్మ మీద కుర్రాడు కూర్చుని ఉన్నాడు. తర్వాతి గడిలో మోకాలికి కట్టుతో మంచం మీద పడుకుని ఉన్నాడు. వాడు కింద పడిన సంగతి ఎవరూ గీయలేదు. చదివేవాళ్లే వాణ్ని పడేశారు. బొమ్మల కథలో సగం పని ఇలా రెండు గడుల మధ్య తెల్లటి సందులోనే జరుగుతుంది. అమెరికన్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ పుస్తకంలో ఈ సంగతి వివరించాడు. ఆ వివరణనూ బొమ్మల కథగానే గీశాడు. ఆ తర్వాత నీల్ కోన్ అనే పరిశోధకుడు మరో మెట్టు ఎక్కాడు. బొమ్మల వరసను అర్థం చేసుకునే శక్తి పుట్టుకతో వచ్చేది కాదనీ, భాషలాగే చూడగా చూడగా అలవడుతుందనీ ఆయన వాదన. సుమారు నాలుగేళ్లకూ ఆరేళ్లకూ మధ్య పిల్లలు బొమ్మలను విడివిడిగా కాక ఒకే కథగా చూడడం మొదలుపెడతారని అంటారు.

వయసు తేడా మొదలయ్యేది ఆ సందులోనే. అయిదేళ్ల పాప అక్కడ కదలికను పూరిస్తుంది: పరిగెత్తాడు, పడ్డాడు, లేచాడు. పదకొండేళ్ల పిల్లవాడు మనసులో మాటను పూరిస్తాడు: పైకి నవ్వుతున్నా లోపల ఉడుక్కుంటున్నాడని వాడికి తెలుస్తుంది. పెద్దవాళ్లు పూరించేది చాలాసార్లు చరిత్ర. ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’ తెరిస్తే ఎలుకలు, పిల్లులు కనిపిస్తాయి. అట్ట చూసి పిల్లల పుస్తకమనుకుని కొనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. లోపల ఉన్నది నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడిన తండ్రి కథ. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. 2022 జనవరిలో అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో ఒక కౌంటీ పాఠశాల బోర్డు ఎనిమిదో తరగతి పాఠాల నుంచి దాన్ని తీసేసింది. గీత తేలిగ్గా ఉన్నంత మాత్రాన కథ తేలిక కాదు. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇంకో పొరపాటు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. బొమ్మలున్నాయంటే చదువు కాదు, కాలక్షేపం అనుకోవడం. ఈ అనుమానానికి వయసు చాలా ఉంది. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాస్తే, అదే ఏడు అమెరికన్ ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ‘కామిక్స్ కోడ్’ అనే కళ్లెం వేసుకున్నారు. అది పూర్తిగా ఊడిపోయేసరికి 2011 వచ్చింది. వెర్థమ్ పేరు కూడా వినని తెలుగు ఇళ్లలో సైతం ఆ మాటే వినిపిస్తుంది: ‘బొమ్మల పుస్తకాలు చాలు, ఇక అసలు పుస్తకం తియ్యి.’

ఫదూలీ ఎక్కడున్నాడు?

‘మాజిద్’ను తొలినాళ్లలో తీర్చిదిద్దింది ఈజిప్టు నుంచి వచ్చిన పాత్రికేయుడు అహ్మద్ ఉమర్. బొమ్మల పనికీ కైరో పత్రికల్లో చెయ్యి తిరిగినవాళ్లే వచ్చారు. పేరున్న కార్టూనిస్టు అహ్మద్ హిజాజీ వాళ్లలో ఒకడు. అరబ్ ప్రపంచంలో పిల్లల పత్రికల అనుభవం అప్పటికి ఈజిప్టుకే ఎక్కువ. కైరో నుంచి ‘సమీర్’ పత్రిక 1956 నుంచే వస్తోంది. చెయ్యి ఈజిప్టుదైనా పేజీలో కనిపించే ఇల్లూ వేషమూ గల్ఫ్‌వి. కందూరా అనే పొడవాటి అంగీ తొడుక్కున్న మగపిల్లలు, గల్ఫ్ పేర్లున్న అక్కాతమ్ముళ్లు అచ్చులో కనబడడం ఇక్కడి పిల్లలకు కొత్త అనుభవం.

పాత్రలు ఒక్కొక్కటి ఒక్కో వయసును పట్టుకున్నాయి. ‘కస్లాన్ జిద్దన్’ పరమ సోమరి; వాడిని చూసి నవ్వడానికి అక్షరాలు కూడబలుక్కునే వయసు చాలు. మోజా అనే అమ్మాయివీ, అల్లరి తమ్ముడు రషూద్‌వీ ఇంటి గొడవల కథలు. ‘జకియా’ తెలివైన పిల్ల. ఆమె పేజీ చదువూ సంగతులూ చెబుతుంది. కెప్టెన్ ఖల్ఫాన్, అతని సహాయకుడు ఫహ్మాన్ పోలీసు కథలు నడుపుతారు. నేరం ఎవరిదో పాఠకుడే ఆలోచించి పట్టుకోవాలి కనుక ఇవి పెద్ద పిల్లలవి. ఒకే సంచికలో ఏడేళ్లవాడికీ పదమూడేళ్లవాడికీ వేర్వేరు పేజీలు దొరికేవన్నమాట. అన్న చదివి పడేసిన పత్రికను చెల్లెలు తీసుకుని వేరే పేజీ దగ్గర ఆగిపోతుంది.

వీళ్లందరికన్నా ఎక్కువ మందిని పేజీ మీదికి వంచినవాడు ఫదూలీ. వీడికి సొంత కథ అంటూ పెద్దగా లేదు. ప్రతి సంచికలో ఏదో ఒక పేజీలో, ఏ కుర్చీ వెనకో కిటికీ మూలనో, బుల్లి ఆకారంగా నక్కి ఉంటాడు. ఎక్కడున్నాడో కనిపెట్టి రాసి పంపితే బహుమతి. చూడడానికి ఆట, చేయించే పని మాత్రం గట్టిది: ఫదూలీ కోసం పిల్లలు ప్రతి గడినీ మూలమూలలా వెతుకుతారు, మాటలు మాత్రమే చదివి బొమ్మను దాటేసే అలవాటు పోతుంది. బొమ్మల కథ చదవడంలో మొదటి పాఠం కూడా అదే. ‘చందమామ’ ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు ముక్క రాసి పోస్టు చేసిన తరం తెలుగువాళ్లకు ఆ ఎదురుచూపు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

పత్రిక ఎమిరేట్స్ దాటి మిగతా అరబ్ దేశాలకూ వెళ్లింది. 2015లో అదే పేరుతో పిల్లల టీవీ చానల్ మొదలైంది. తెలుగు కుటుంబాలకు ‘మాజిద్’ వల్ల ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది, దాన్ని గుర్తించినవాళ్లు తక్కువ. ఈ దేశంలో ప్రైవేటు బడులకు వెళ్లే అరబ్బేతర పిల్లలు కూడా తొమ్మిదో తరగతి దాకా అరబిక్ నేర్చుకోవాలి. దుబాయ్‌లో అల్ నహ్దాలోనో కరామాలోనో ఉండే తెలుగు పిల్లకు ఆ భాష మార్కుల కోసం చదివే సబ్జెక్టుగానే మిగిలిపోతుంది. సోమరి కస్లాన్ మాట్లాడే నాలుగు ముక్కల వాక్యాలు, పక్కనే అర్థం చెప్పే బొమ్మ ఉన్న పేజీ ఆ పిల్లకు పాఠ్యపుస్తకం కన్నా దగ్గరగా ఉంటుంది. పన్నెండేళ్లవాళ్లు అరబిక్‌లో ఏడేళ్లవాళ్ల కథ చదవడంలో చిన్నతనం ఏమీ లేదు. రెండో భాషలో ప్రతి పాఠకుడి వయసూ నాలుగైదేళ్లు తగ్గుతుంది.

ఒడిలో కూర్చుని చదివే వయసు

2016ను ఎమిరేట్స్ ‘పఠన సంవత్సరం’గా ప్రకటించింది. ఆ ఏడే చదువరితనం కోసం ప్రత్యేకంగా ఒక ఫెడరల్ చట్టం తెచ్చింది. మాల్స్‌లోని కాఫీ దుకాణాలు వచ్చినవాళ్లు చదువుకోవడానికి ఏదో ఒకటి అందుబాటులో ఉంచాలనీ, పుట్టిన బిడ్డలకు పుస్తకాల సంచి ఇవ్వాలనీ అందులో ఉంది. అంతకు ముందే, 2009లో, షార్జాలో పిల్లల పఠనోత్సవం మొదలైంది. 2019కి యునెస్కో షార్జాను ప్రపంచ పుస్తక రాజధానిగా ఎంపిక చేసింది.

మరి ఏ వయసుకు ఏ పుస్తకం? ఆరేళ్లలోపు పిల్లలకు గడులు తక్కువ, బొమ్మ పెద్దది, మాట చిన్నది కావాలి. మో విలెమ్స్ 2007లో మొదలుపెట్టిన ‘ఎలిఫెంట్ అండ్ పిగ్గీ’ పుస్తకాల్లో గడులే ఉండవు. ఏనుగు మాటలకు ఒక రంగు బుడగ, పందిపిల్ల మాటలకు ఇంకో రంగు బుడగ. ఏ మాట ఎవరిదో రంగు చూసి తెలిసిపోతుంది కాబట్టి అమ్మ ఏనుగై, పాప పందిపిల్లై గొంతులు పంచుకోవచ్చు. ఆండీ రంటన్ ‘ఔలీ’ తొలి పుస్తకాల్లో మాటలకు బదులు బుడగల్లో గుర్తులుంటాయి. భాష రాని తాతయ్య కూడా మనవడికి దాన్ని తెలుగులో చెప్పేయవచ్చు, అది ఏ దేశపు పుస్తకమైనా సరే. మాటలు లేని పుస్తకానికి ప్రవాసంలో ఉన్న విలువ ఇది. భారతీయ పిల్లలకు హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టించిన ఛోటా భీమ్ టీవీలో ముందు పరిచయమై తర్వాత కామిక్స్‌లో కనిపిస్తాడు. తెర మీద తెలిసిన పాత్ర కాగితం మీద కనబడితే పిల్లలు సగం భయం లేకుండా పుస్తకం తెరుస్తారు.

ఏడు నుంచి పదేళ్ల మధ్య ఆకలి ఎక్కువ, రుచి గురించి పట్టింపు తక్కువ. డేవ్ పిల్కీ ‘డాగ్ మ్యాన్’, 1980 నుంచి వస్తున్న ‘టింకిల్’లోని సుప్పాండి, శికారీ శంభు ఈ వయసు సరుకు. ఒకే పుస్తకాన్ని ఇరవైసార్లు చదువుతున్నారని పెద్దలు విసుక్కుంటారు గానీ, మొదటిసారి కథ కోసం, తర్వాతివి బొమ్మల్లో దాగిన చిల్లర వేషాల కోసం. ‘ఆస్టెరిక్స్’ లాంటివి మాత్రం ఈ వయసులో సగమే అందుతాయి: తన్నులాట ఇప్పుడు, రోమన్ పేర్లలోని హాస్యం పదేళ్ల తర్వాత.

కుడి నుంచి ఎడమకు

అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. జపాన్ మాంగా కూడా అంతే. ఈ చిన్న పోలిక గల్ఫ్‌లో బొమ్మల కథల చరిత్రనే మార్చింది.

పాశ్చాత్య కామిక్స్‌ను అరబిక్‌లోకి తేవాలంటే మాటలు మార్చితే చాలదు, పేజీలోని గడుల వరస తిరగబడాలి. లేకపోతే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తుంది. 1964లో బీరుట్ నుంచి సూపర్‌మ్యాన్ అరబిక్‌లో రావడం మొదలైనప్పుడు క్లార్క్ కెంట్ ‘నబీల్ ఫౌజీ’ అయ్యాడు. బొమ్మను అద్దంలో చూపినట్టు తిప్పితే కుడిచేతివాటం మనుషులు ఎడమచేతివాటం అవుతారు, ఛాతీ మీది అక్షరాన్ని మళ్లీ గీయాలి. మాంగాకు ఈ తిప్పలేవీ లేవు. బుడగలోని జపాన్ మాట చెరిపి అరబిక్ మాట రాస్తే పేజీ ఉన్నదున్నట్టుగా నడిచిపోతుంది.

పైగా దారి ముందే పడి ఉంది. ఫుట్‌బాల్ కథ ‘కెప్టెన్ త్సుబాసా’ అరబ్ ఇళ్లలో ‘కెప్టెన్ మాజిద్’గా అల్లుకుపోయింది. 2000లో ప్రసారాలు మొదలుపెట్టిన స్పేస్‌టూన్ చానల్ జపాన్ యానిమేషన్‌ను అరబిక్ గొంతుతో పిల్లలకు రోజూ వినిపించింది. ఆ పిల్లలే పెరిగి మాంగా కొనే వయసుకు వచ్చారు.

వాళ్లలాంటి ఒక ఎమిరాతీ యువకుడు ఖైస్ సెద్కీ. దుబాయ్‌లో ‘పేజ్ ఫ్లిప్’ అనే సంస్థ పెట్టి 2009లో ‘సివార్ అల్ దహబ్’ ప్రచురించాడు. ఇంగ్లిష్ పాఠకులకు అది ‘గోల్డ్ రింగ్’. తొలి ఎమిరాతీ మాంగాగా దీన్నే చెబుతారు. బొమ్మలు గీసింది అకిరా హిమెకావా. అది ఒకరి పేరు కాదు, ఇద్దరు జపాన్ చిత్రకారిణులు కలిసి పెట్టుకున్న కలం పేరు. ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ మాంగాలతో అప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్లు. కథానాయకుడు సుల్తాన్ అనే కుర్రాడు, అతనికి తోడు మజ్ద్ అనే డేగ, కథ చుట్టూ తిరిగేది డేగల పోటీ. డేగలను మచ్చిక చేసి వేటాడించడం ఈ ఎడారి సంప్రదాయం. దాన్ని తీసుకుని మాంగాకు సొంతమైన వేగపు గీతలు, విప్పారిన కళ్లు, పేజీని చీల్చుకుపోయే రెక్కలతో చెప్పారు. సెద్కీ రాసిన అరబిక్ వీధి మాట కాదు, గ్రాంథికానికి దగ్గరైన ప్రామాణిక భాష. కుర్రాళ్లు ఇంగ్లిష్‌కు జారిపోతున్నారు, మంచి అరబిక్‌ను వాళ్లు ఇష్టపడే రూపంలో ఇవ్వాలి అన్నదే ఆయన పట్టుదల. 2010లో ఈ పుస్తకానికి బాలసాహిత్య విభాగంలో షేక్ జాయెద్ పుస్తక పురస్కారం వచ్చింది. ఆ పురస్కారంలో ఒక్కో విభాగానికి ఏడున్నర లక్షల దిర్హాములు ఇస్తారు. మాంగా పుస్తకానికి అంత పెద్ద సాహిత్య గౌరవం ఇచ్చి, ‘ఇది సాహిత్యమేనా’ అనే చర్చను అబుదాబి ఒక్క దెబ్బతో ముగించింది. మన దగ్గర ఆ చర్చ ఇంకా సరిగ్గా మొదలు కూడా కాలేదు.

పక్కనే ఉన్న సౌదీ అరేబియా నుంచి 2021లో ‘మాంగా అరేబియా’ వచ్చింది. అందులో రెండు పత్రికలు: పది నుంచి పదిహేనేళ్ల వాళ్లకు ఒకటి, పదహారు దాటిన వాళ్లకు ఇంకొకటి. జపాన్ పత్రికలు చాలాకాలంగా చేస్తున్న విభజనే ఇది. అక్కడ చిన్నపిల్లలకు కొడొమో, కుర్రాళ్లకు షోనెన్, ఆడపిల్లలకు షోజో, ఎదిగిన మగవాళ్లకు సెయినెన్, స్త్రీలకు జోసెయి అని పత్రికలే వేరు. ఇంగ్లిష్ అనువాదాల్లో ఆ విభజన అంత స్పష్టంగా కనపడదు, వెనక అట్ట మీది బుల్లి అక్షరం తేలికైన ఆధారం. మాంగాను ఇంగ్లిష్‌లో వేసే విజ్ మీడియా పుస్తకాల మీద ‘ఎ’ అంటే అందరికీ, ‘టి’ అంటే పదమూడు దాటినవాళ్లకు, ‘టి ప్లస్’ అంటే పదహారు దాటినవాళ్లకు, ‘ఎం’ అంటే పెద్దలకు. పన్నెండేళ్ల పిల్లవాడు ‘డెత్ నోట్’ అడిగితే వెనక ‘టి ప్లస్’ ఉందని చూసి చేతికివ్వాలా ఆగాలా అన్నది ఇంటివాళ్లు తేల్చుకోవచ్చు. అక్షరం చూసి వద్దనడం కన్నా మొదటి సంపుటి తాము ముందు చదవడం మేలు. ఎలాగూ గంటలో అయిపోతుంది. ‘యోత్సుబా’ లాంటి అందరి పుస్తకాన్ని మాంగా అంటేనే భయపడే ఇంట్లోకి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. పక్కింటి గంట మోగించడం, వానలో తడవడం లాంటివే అందులో పెద్ద సంఘటనలు.

దుబాయ్ మాల్‌లోని కినోకునియా జపాన్ గొలుసు దుకాణం కావడంతో మాంగా అరలు అక్కడ వరసలు వరసలుగా ఉంటాయి. 2012 ఏప్రిల్‌లో దుబాయ్‌లో మొదలైన మిడిల్ ఈస్ట్ ఫిల్మ్ అండ్ కామిక్ కాన్ 2022 నుంచి అబుదాబికి మారింది. కొనడం, వేషాలు కట్టడం అక్కడ సగమే. సొంతంగా గీసిన పుస్తకాలను బల్ల మీద పెట్టుకుని అమ్మే స్థానిక చిత్రకారులు మిగతా సగం, పదిహేనేళ్ల పిల్లలు ఎక్కువసేపు నిలబడేది ఆ బల్లల దగ్గరే. చదివేవాడు గీసేవాడయ్యే వయసు అది.

తెలుగు ఇళ్లలో అర

తెలుగు పిల్లలకు బొమ్మ కొత్త కాదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య గీసినవి చూస్తూ తరాలు పెరిగాయి. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ను బాపు గీత లేకుండా ఊహించలేం. అయితే చందమామ బొమ్మ కథకు తోడుగా నడిచేది, కథను తానే మోసేది కాదు. గడుల వరసలో కథ చెప్పే పనిలో తెలుగువాళ్లలో ముందు నిలిచినవాడు బుజ్జాయి, దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు. ఆయన ‘డుంబు’ తెలుగు పాఠకులకు తెలుసు. ఆయన గీసిన ‘పంచతంత్రం’ ఇంగ్లిష్ పత్రిక ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో ధారావాహికగా వచ్చింది. బాపు తన సినిమాలకు ముందుగా షాటు షాటుకూ బొమ్మ గీసుకునేవాడు. ఆ కాగితాలను వరసగా పేర్చితే గ్రాఫిక్ నవలే. అంతటి చెయ్యి ఉండి కూడా పెద్దల బొమ్మల నవల తెలుగులో వేళ్లూనుకోలేదు. అదే సమయంలో పక్కన తమిళంలో శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 1972లో, లయన్ కామిక్స్ 1984లో మొదలై యూరప్ కౌబాయ్‌లను, గూఢచారులను తమిళంలో మాట్లాడించాయి.

దీని ఫలితం ఎమిరేట్స్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. షార్జా అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన 1982 నుంచి నడుస్తోంది. నవంబరు రాగానే ఎక్స్‌పో సెంటర్‌లో భారతీయ హాలు మలయాళీలతో కిటకిటలాడుతుంది. తెలుగు కుటుంబం అక్కడికి వెళ్తే కొనేది ఎక్కువగా ఇంగ్లిష్ పుస్తకమే. ఇండియన్ బడుల్లో రెండో భాషగా చాలామందికి దొరికేది హిందీ. తెలుగు మాట్లాడతారు, వింటారు, సినిమా చూస్తారు, చదవమంటే తడబడతారు. తొమ్మిదేళ్ల పిల్లకు తెలుగులో చదవగలిగినది మూడేళ్లవాళ్ల పుస్తకం, చదవాలనిపించేది తొమ్మిదేళ్లవాళ్ల కథ. ఈ రెంటి మధ్య దూరాన్ని బొమ్మల కథ బాగా పూడుస్తుంది. అక్షరం మీద ఆగిపోయినా బొమ్మ కథను ఆగనివ్వదు. బుడగలో ఉండేది మాట్లాడే తెలుగే కాబట్టి చెవికి ముందే తెలుసు. ‘వస్తున్నా ఆగు’ అని బుడగలో చూసిన పిల్ల దాన్ని అక్షరం అక్షరంగా కాక ఒక్క అరుపుగా చదువుతుంది.

అలాంటి పుస్తకాలు చిన్న వయసుకు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్ నుంచి మంచి పుస్తకం, చెన్నై నుంచి తులికా తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. తులికాకు తెలుగు, ఇంగ్లిష్ ఒకే పేజీలో ఉండే ద్విభాషా పుస్తకాలూ ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్ వేదికలో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు గుర్తు వేసి ఉంటాయి. అక్కడ మెట్టు చూడాల్సింది పిల్లల వయసును బట్టి కాదు, వాళ్ల తెలుగును బట్టి. అమర్ చిత్ర కథలో తెనాలి రాముడి కథను ఇంగ్లిష్‌లో చదివించి, అదే కథను నాన్న తెలుగులో చెబితే ఒకే గడికి రెండు భాషలు అంటుకుంటాయి. 1967లో అనంత్ పై మొదలుపెట్టిన ఈ వరస గురించి విమర్శలూ ఉన్నాయి: దేవుళ్లకు తెల్లటి ఒళ్లు, రాక్షసులకు నల్లటి ఒళ్లు ఎందుకు గీశారని. పన్నెండేళ్లు దాటినవాళ్లతో ఆ ప్రశ్నే మంచి కాలక్షేపం. బొమ్మ ఏం చెబుతోందో మాటతో పని లేకుండా పట్టుకోవడం వాళ్లకు అప్పుడు అలవడుతుంది.

పది దాటాక తెలుగు అర పలచబడుతుంది. ఆ ఖాళీలోకి రైనా టెల్గెమీయర్ ‘స్మైల్’, జెర్రీ క్రాఫ్ట్ ‘న్యూ కిడ్’ వస్తాయి. పళ్లు విరిగి, తీగలు కట్టించుకుని బడికి వెళ్లే అమ్మాయి, కొత్త బడిలో ఒంటరి నల్లజాతి కుర్రాడు. ‘న్యూ కిడ్’ 2020లో న్యూబెరీ పతకం అందుకున్న తొలి గ్రాఫిక్ నవల. జీన్ లుయెన్ యాంగ్ ‘అమెరికన్ బార్న్ చైనీస్’ ఇంకో మెట్టు పైది, తన ముఖాన్నీ ఇంటి భాషనూ దాచుకోవాలనుకునే వలస పిల్లవాడి కథ. దుబాయ్‌లో పుట్టి, హైదరాబాద్ వెళ్తే ‘దుబాయ్ వాళ్లు’, దుబాయ్‌లో ఉంటే ‘ఇండియా వాళ్లు’ అనిపించుకునే పద్నాలుగేళ్లవాడికి ఆ కథకు వివరణ అక్కర్లేదు.

పెద్దలు ఏం చదువుతారు

ఎమిరేట్స్ జనాభాలో సుమారు పదిలో తొమ్మిది మంది బయటి నుంచి వచ్చినవాళ్లు. ఇలాంటి దేశంలో పెద్దవాళ్ల చేతికి మొదట ఇవ్వదగిన పుస్తకం షాన్ టాన్ ‘ది అరైవల్’. 2006లో వచ్చిన ఈ ఆస్ట్రేలియా పుస్తకంలో చదవడానికి మాటే లేదు. మొదటి పేజీలో తొమ్మిది గడులు: కాగితపు పక్షి, గడియారం, టోపీ, గిన్నె, చిన్నపిల్ల గీసిన బొమ్మ, అంచు ఊడిన టీ కెటిల్, కప్పు, పెట్టె, కుటుంబం ఫోటో. ఎవరో వెళ్లిపోతున్నారని ఎవరూ చెప్పరు, తెలిసిపోతుంది. అతను చేరిన నగరంలో అక్షరాలు కూడా షాన్ టాన్ కల్పించినవే, కథానాయకుడికి అర్థం కావు, మనకీ కావు. అర్థం కాని అక్షరాల ముందు నిలబడ్డ ఆ భయం ఎలాంటిదో విమానాశ్రయంలో తొలిసారి అరబిక్ బోర్డు చూసిన జగిత్యాల కూలీకి తెలుసు, కోనసీమ నుంచి ఇంటి పనికి వచ్చిన ఆమెకూ తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఇదే పుస్తకంలో వింత జంతువులను చూస్తాడు. ఇద్దరూ ఒకే పేజీని పక్కపక్కన కూర్చుని చూడవచ్చు, పూరించేవి మాత్రం వేరు.

ఈ ప్రాంతపు జీవితాన్ని దగ్గరగా చూపే పుస్తకాలూ తక్కువేం కాదు. మర్జాన్ సత్రపీ ‘పెర్సెపొలిస్’ 1980లో తలకు ముసుగు వేసుకుని కూర్చున్న పదేళ్ల టెహరాన్ పిల్లతో మొదలవుతుంది. కథానాయిక పదేళ్లదైనా పుస్తకం పదేళ్లవాళ్లది కాదు, చిత్రహింసల గడులు ఉన్నాయి. పదిహేను దాటాక ఇవ్వడం న్యాయం. సిరియా తండ్రికీ ఫ్రెంచి తల్లికీ పుట్టిన రియాద్ సత్తూఫ్ ‘ది అరబ్ ఆఫ్ ది ఫ్యూచర్’లో దేశం మారగానే పేజీ రంగు మారుతుంది: లిబియా పసుపు, ఫ్రాన్స్ నీలం, సిరియా గులాబీ. తేదీ చూడకుండానే ఎక్కడున్నామో కంటికి తెలుస్తుంది. ఈజిప్టు యువతి దీనా మొహమ్మద్ ‘షుబేక్ లుబేక్’లో కైరో వీధి బడ్డీ కొట్టులో కోరికలు సీసాల్లో అమ్ముతారు. మొదటి తరగతి కోరిక ఖరీదు, మూడో తరగతిది చవక, చవకది తేడా చేస్తుంది. ఇంగ్లిష్ అనువాదం 2023లో వచ్చింది; దాన్ని కూడా కుడి నుంచి ఎడమకే ఉంచారు. అంటే ఇప్పుడు తిప్పలు ఇంగ్లిష్ పాఠకుడివి.

తెలుగు నగరం మీద ఇంగ్లిష్‌లో వచ్చినది జై ఉండుర్తి రాసి, హర్షో మోహన్ చట్టోరాజ్ గీసిన ‘హైదరాబాద్: ఎ గ్రాఫిక్ నవల్’. గల్ఫ్ వలస మాత్రం తెలుగులో పాటలకూ కథలకూ సినిమాలకూ ఎక్కినంతగా గడుల్లోకి ఎక్కలేదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మొదలై లేబర్ క్యాంపు మంచాల వరసల దాకా సాగే ఆ కథకు కావలసిన బొమ్మలన్నీ చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

కొనకుండా చదవాలనుకునేవాళ్లకు దుబాయ్ జద్దాఫ్‌లో క్రీక్ ఒడ్డున 2022 జూన్‌లో తెరిచిన మొహమ్మద్ బిన్ రాషిద్ గ్రంథాలయం ఉంది. విప్పి పెట్టిన పుస్తకపీఠం ఆకారంలో కట్టిన ఏడంతస్తుల భవనంలో పిల్లలకు విడిగా గ్రంథాలయమే ఉంది. షార్జాలో 2020 డిసెంబరులో హౌస్ ఆఫ్ విజ్‌డమ్ తెరిచారు. వేసవిలో బయట నలభై అయిదు డిగ్రీలు ఉన్నప్పుడు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు మాల్. గ్రంథాలయంలోనూ ఏసీ అంతే చల్లగా ఉంటుంది, పైగా ‘టి ప్లస్’ ఉన్నదాన్ని కొనాలా వద్దా అని అక్కడే కూర్చుని ఒక సంపుటి తిరగేసి తేల్చుకోవచ్చు.